గుమ్మంలో డాలయ్య

ఆ గది నాదని నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఇంటి వెనకవైపు వసారా చివర, ఒకే కిటికీ ఉన్న చిన్న గది. ఒక బల్ల, ఒక కుర్చీ, నా కాలేజీనాటి పుస్తకాలు పెట్టుకున్న అలమర, మా అమ్మాయి వాడి వదిలేసిన పాత కంప్యూటరు. వంటిల్లు సర్దుకున్నాక రెండింటి నుంచి నాలుగింటిదాకా నేనక్కడ ఉంటానని ఇంట్లో అందరికీ తెలుసు. ఉండి ఏం చేస్తానో మాత్రం అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

మంగళవారం రెండున్నరకి మా మరిది తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. జేబులోంచి కొలత టేపు తీసి, నా కుర్చీ వెనక నుంచే గది వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.

"తొమ్మిదడుగులు. అటు పదకొండు ఉంటుంది. చాలు వదినా," అన్నాడు.

"దేనికి చాలు?"

"నా పెట్టెలకి. గోడౌన్ ఖాళీ చేయమన్నారు. అన్నయ్యనడిగితే, ఖాళీగా ఉన్న గదే కదా, పెట్టుకో అన్నాడు."

మా మరిది నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడు. అతను పది నిమిషాలు మాట్లాడితే మన ఇంటి నీళ్ళు మనకే మురికిగా కనిపిస్తాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా అది తనదే అనుకుంటాడు, అంతే.

"ఖాళీగా లేదు. నేనున్నాను కదా," అన్నాను.

"మీరు హాల్లో కూర్చోవచ్చు. ఫ్యాను కూడా పెద్దది," అని టేపు చుట్టుకుంటూ కంప్యూటరు వైపు చూశాడు. తెర మీద ఒక నది, దాని మీద రాతి వంతెన, ఇవతలి ఒడ్డున నలుగురు మనుషులు. "ఇదింకా ఉందా? అమ్మాయి చిన్నప్పుడు నేనే ఎక్కించాను ఈ ఆట. ఇప్పటికీ ఆడుతోందా?"

"అమ్మాయి కాదు. నేను."

మరిది నవ్వాడు. నవ్వితే నవ్వాడు, నా కుర్చీ వీపు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అది నాకు నచ్చలేదు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురి జట్టు మన చేతిలో ఉంటుంది. డాలూ ఇనప కవచమూ ఉన్న డాలయ్య, విల్లు పట్టిన విల్లమ్మ, నిప్పులు కురిపించే మంత్రం తెలిసిన నిప్పు మాస్టారు, దెబ్బలు మాన్పే మందులమ్మ. పేర్లు మా అమ్మాయి పదేళ్ళప్పుడు పెట్టినవి. ఒక్కొక్కరి నెత్తిన ఒక ఎర్ర గీత ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా అది కురచవుతుంది, గీత అయిపోతే మనిషి అయిపోయినట్టే. స్పేస్ మీట నొక్కితే లోకమంతా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అప్పుడు తీరిగ్గా ఎవరేం చేయాలో చెప్పి మళ్ళీ నొక్కితే కదులుతుంది. వంతెన మీద ఆరుగురు దొంగలుంటారు. ముగ్గురు కత్తులవాళ్ళు, ఇద్దరు విలుకాళ్ళు, చేతికర్రతో మంత్రం వేసి మనవాళ్ళని నిద్రపుచ్చే కర్రవాడు ఒకడు. వాళ్ళని దాటితేగాని ఆట ముందుకు పోదు.

"ఇక్కడ ఎన్నిసార్లు పోయారు?" అనడిగాడు మరిది.

"పదకొండుసార్లు. నలుగురూ."

"నలుగురూ ఎందుకు పోతారు వదినా? ఇద్దరే పోవాలి. నేను ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, ప్రతిసారీ ఇద్దరే. తెగించి మీద పడాలి. యుద్ధమన్నాక ఒకరిద్దరు పోకుండా ఎలా? మందులమ్మ మెత్తటి మనిషి, ముందు పోతుంది. పోతే పోనివ్వండి. ఊళ్ళోకి వెళ్తే సత్రంలో ఇంకో మందులమ్మ దొరుకుతుంది. వాళ్ళకేం కొదవ."

ఎందుకో ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కరు కూడా పోకుండా దాటిస్తాను," అన్నాను.

"ఈ వంతెనా? ఆదివారం నాలుగింటికి, అందరి ముందూ, ఒక్కసారే. నలుగురూ ప్రాణాలతో దాటితే నా పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతాను. ఒక్కరు పడినా గది నాది. పందెమా?"

"పందెమే," అన్నాను.

సాయంత్రం మా ఆయన ప్రెస్సు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగాను. ఆయన అక్కడ ఫోర్‌మన్. అచ్చులో ఒక్క అక్షరం పక్కకి జరిగినా కనిపెట్టే మనిషి.

"వాడు అడిగాడు, కాదనలేకపోయాను," అన్నారు. "అయినా ఆ గదిలో నువ్వు కాసేపు పడుకుంటావనుకున్నాను."

"ఏడేళ్ళుగా, మంచం లేని గదిలోనా?"

ఆయన ఆ ప్రశ్నని చెప్పులతో పాటు పక్కకి జరిపి లోపలికి వెళ్ళారు.

అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పగలంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కనపడుతోందా, ఇప్పుడు కనపడుతోందా అని అడిగే పని. ఇంటికి వచ్చాక పందెం సంగతి చెబితే చేతిసంచి దించకుండానే నావైపు తిరిగింది.

"నీ గదిని నువ్వే పందెం కాశావా? గెలిస్తే నీకేం వస్తుంది?"

"గది."

"ఓడితే ఏం పోతుంది?"

"గదే," అన్నాను.

"బాబాయికి ఇందులో పైసా ఖర్చు లేదమ్మా. ఫిల్టర్లు ఊరికే అమ్ముడుపోవడం లేదు."

"మాట ఇచ్చేశాను," అన్నాను. అనేటప్పుడే ఆ మాట బరువుగా తగిలింది. తియ్యటిదో పుల్లటిదో చూడకుండా సంచిలో వేయించుకున్న పండు సంగతి ఇంటికొచ్చాక తెలిసినట్టు.

"సరే, ఆడు. నేను చేత్తో ముట్టుకోను. చూస్తాను," అంది.

ఆడాను. వంతెన ఎక్కగానే ఆపి, డాలయ్యని మొదటి కత్తివాడి మీదికి, విల్లమ్మని రెండోవాడి మీదికి, మాస్టారిని మూడోవాడి మీదికి పంపాను. రెండు నిమిషాల్లో నలుగురూ నేల మీద ఉన్నారు.

"ఒక్కొక్కరిని ఒక్కొక్కరి మీదికి ఎందుకు పంపావు?"

"ఎవరినీ వదలకూడదు కదా."

"నువ్వు వడ్డిస్తున్నావమ్మా. అందరికీ తలో గరిటె. సగం దెబ్బ తిన్నవాడు సగం కత్తి తిప్పడు, మొత్తం కత్తే తిప్పుతాడు. ఆరుగురికీ సగం సగం దెబ్బ తగిలితే ఇంకా ఆరు కత్తులున్నట్టే. నలుగురూ ఒక్కడి మీదే పడితే ఐదే ఉంటాయి."

ఇరవై ఆరేళ్ళుగా వడ్డిస్తున్న చెయ్యి. ఒక విస్తరి నింపి మిగతావాళ్ళని ఆకలితో కూర్చోబెట్టడం ఆ చేతికి తెలియదు. నేర్పాల్సి వచ్చింది.

"ఎవరు ముందు?" అనడిగాను.

"నువ్వే చెప్పు. ఆరుగురిలో ఎవరి వల్ల నీకు ఎక్కువ నష్టం?"

చూశాను. కత్తులవాళ్ళు పొడుస్తారు, సరే. వెనక నిలబడి కర్ర ఊపేవాడు మాత్రం డాలయ్యని నిద్రపుచ్చుతాడు. డాలయ్య పడుకున్నాక ఎవరు పొడిచినా ఒకటే. వెనకుండి మాట్లాడేవాడు ముందు, ముందుండి అరిచేవాళ్ళు తరవాత. అది కాగితం మీద రాసుకున్నాను.

అమ్మాయి లేచి వెళ్ళబోతూ సంచి బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. "ఇందులో పద్నాలుగు ఎర్ర సీసాలున్నాయి. తాగితే గీత నిండుతుంది. ఒక్కటీ వాడలేదేం?"

"ముందు ముందు అవసరం పడతాయని."

"ముందు ముందు తాగడానికి ఎవరున్నారు? నలుగురూ పోయారుగా."

మా వంటింటి అలమరలో పై అరన నీలం అంచు కప్పులు ఆరున్నాయి. ఎవరైనా వస్తే తీద్దామని పెట్టినవి. పదకొండేళ్ళలో చాలామంది వచ్చారు, టీ తాగారు, వెళ్ళారు. ఇంకా ముఖ్యమైనవాళ్ళెవరో వస్తారని అవి అక్కడే ఉన్నాయి. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. అది అప్పటికే వంటింటి వైపు చూసి నవ్వుతోంది.

బుధవారం, గురువారం నేనొక్కదాన్నే కూర్చుని తొమ్మిదిసార్లు ఆడాను. ప్రతి ఓటమినీ రాశాను. ఎవరు ముందు పడ్డారు, ఎవరి చేతిలో పడ్డారు, అప్పుడు సంచిలో ఎన్ని సీసాలున్నాయి. గురువారం నాలుగింటికి ఆ కాగితం పై నుంచి కిందికి చదివితే, తొమ్మిదిలో ఎనిమిదిసార్లు ముందు పడింది మందులమ్మే. మరిది చెప్పింది నిజమే అనిపించింది ఒక్క క్షణం. తరవాత ఆమె ఏం చేసిందో వరసగా చూశాను. డాలయ్యకి మందు, విల్లమ్మకి మందు, మళ్ళీ డాలయ్యకి, మాస్టారికి, మళ్ళీ డాలయ్యకి. తొమ్మిది యుద్ధాల్లో ఆమె తనకి తాను ఒక్కసారి కూడా మందు వేసుకోలేదు. ఆమెకి ఆ ఆజ్ఞ ఇవ్వాల్సింది నేను. నేనే ఇవ్వలేదు. మెత్తటి మనిషై పోలేదు ఆమె. వంతు రాక పోయింది. ఆమె పోయిన నిమిషానికి మిగతా ముగ్గురూ పోయారు, ప్రతిసారీ.

మొదట మందులమ్మ అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

శుక్రవారం ఇంకో తెలివితక్కువ పని చేశాను. డాలయ్య చుట్టూ నలుగురు మూగితే, బాగుంది కదా అని మాస్టారి చేత నిప్పులు కురిపించాను. నిప్పుకి మనవాడు, పరాయివాడు అని ఉండదు. డాలయ్య కూడా మాడిపోయాడు. మాస్టారి మీద కోపం వచ్చింది. అతను నేను చెప్పిన చోటే వేశాడు పాపం.

అప్పటికి అన్నీ తెలిశాయి, అయినా గెలుపు రాలేదు. వంతెన మీద ఖాళీ ఎక్కువ. ఎంత ఆపి ఆలోచించినా దొంగలు డాలయ్యని చుట్టి దాటుకుని వెనక ఉన్న ముగ్గురి మీదికి వచ్చేస్తున్నారు. నలుగురిలో ఒక్కడికే డాలుంది. ఒక్క డాలుతో నాలుగు వైపులా ఎలా కాయడం?

శనివారం ఆ సంగతి తేలింది. తేల్చింది మరిదే.

రెండూ పది. కుర్చీలో కూర్చున్నానో లేదో, ముందు తలుపు దగ్గర సందడి. ఇద్దరు హమాలీలు, పెద్ద పెద్ద అట్టపెట్టెలు, వెనక మరిది.

"పందెం రేపు కదా," అన్నాను.

"రేపు ఆదివారం, హమాలీలు దొరకరు వదినా. ఎలాగూ వచ్చేవే కదా, ఇవాళే పెట్టేస్తే ఒక పని అయిపోతుంది."

వచ్చేవే కదా అన్నాడు. లేచి వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాను. రెండు చేతులూ దారబందానికి రెండు పక్కలా ఆనించాను. అంతే చేశాను.

ముందున్న హమాలీ పెట్టెతో వచ్చి నా ఎదుట ఆగిపోయాడు. అతని వెనక వసారాలో రెండోవాడు ఆగిపోయాడు. ఇద్దరి వెనక మరిది ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి తొంగిచూస్తున్నాడు. ఆ వసారా వెడల్పు మూడడుగులు. ముగ్గురు మగాళ్ళు, నా కంటే బలమైనవాళ్ళు. కాని నా ఎదురుగా ఉన్నది ఒక్కడే. మిగతా ఇద్దరూ ఉండి లేనట్టే.

"అమ్మా, బరువుగా ఉంది," అన్నాడు ముందున్నవాడు.

"అక్కడే దించు బాబూ. వసారాలో పెట్టండి. రేపటిదాకా లోపలికి రావు."

"ఏంటి వదినా ఇది, చిన్నపిల్లలా," అన్నాడు మరిది వెనక నుంచి. అతని గొంతు వినపడుతోంది గాని మనిషి కనపడడం లేదు. చూపూ చెయ్యీ రెండూ నా దాకా రావడం లేదు.

నా మనసు అక్కడ లేదు. వంతెనకి ఇవతల, ఒడ్డున, రాతితో కట్టిన సుంకం గది ఒకటుంటుంది. ఖాళీ గది. లోపల ఏమీ దొరకదని మొదటిసారి చూశాక దాని వైపు వెళ్ళడమే మానేశాను. దానికి ఒకటే గుమ్మం. డాలయ్యంత వెడల్పు గుమ్మం.

పెట్టెలు పన్నెండు వసారాలో దించి వాళ్ళు వెళ్ళారు. తలుపు వేసి కూర్చుని ఆడాను. ఆ సాయంత్రం మొదటిసారి గెలిచాను. మాస్టారు పోయాడు. ఆదివారం పొద్దున వంట మధ్యలో రెండుసార్లు ఆడాను. ఒకసారి నలుగురూ బతికారు, ఒకసారి విల్లమ్మ పోయింది. మూడింట్లో ఒకటి. పందేనికి అది చాలదు. కాని నాలుగు అయింది.

గదిలో ఒకటే కుర్చీ. నేను కూర్చున్నాను. మరిది కిటికీ దగ్గర, అమ్మాయి అలమరకి ఆనుకుని, ఆయన గుమ్మంలో. ఆయన ఆ గదిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో, తెరని చూసి, పుస్తకాలని చూసి, బల్ల మీది కాగితాలని చూశారు.

"ఇవన్నీ నువ్వు రాసినవా?"

"తరవాత," అన్నాను.

ముందు ఆట భద్రం చేసి, నలుగురినీ సుంకం గదిలోకి నడిపించాను. మరిది పకపకా నవ్వాడు.

"వంతెన అటుంటే ఇటు తీసుకెళ్తున్నారేంటి వదినా? పారిపోతున్నారా?"

"ఇల్లు చూసి వస్తున్నాం," అంది అమ్మాయి.

డాలయ్యని గుమ్మంలో నిలబెట్టాను. మాస్టారిని అతని వెనక, మందులమ్మని గోడ మూలకి. విల్లమ్మని ఒక్కదాన్నే బయటికి పంపి, వంతెన అంచు నుంచి ఒక్క బాణం వేయించాను. ఆరుగురూ కదిలారు. విల్లమ్మ వెనక్కి పరుగెత్తి డాలయ్య కాస్త జరిగితే లోపలికి దూరింది, అతను మళ్ళీ గుమ్మం మూశాడు. నేను స్పేస్ నొక్కాను. లోకం ఆగింది.

"ఆపకూడదు వదినా. నేనెప్పుడూ ఆపను. తడుముకోకుండా ఆడితేనే ఆట. ఆపి ఆపి ఆడడం పిరికితనం."

"పాలు పొంగుతుంటే మంట తగ్గించేవాళ్ళు పిరికివాళ్ళా? ఆపొద్దని పందెంలో లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన గుమ్మంలోంచి, "వాడు చెప్పేదీ నిజమేనేమో," అనబోయి, అమ్మాయి ముఖం చూసి ఊరుకున్నారు.

కత్తులవాళ్ళు ముగ్గురూ గుమ్మం మీద పడ్డారు. డాలయ్య ముందు నిలబడ్డది ఒక్కడు. మిగతా ఇద్దరూ వాడి వెనక అటూ ఇటూ తిరుగుతున్నారు, సరిగ్గా నిన్న వసారాలో మరిది తిరిగినట్టు. కర్రవాడు మంత్రం వేయాలంటే మనిషి కనపడాలి. కనపడడం కోసం గుమ్మానికి ఎదురుగా వచ్చాడు. దాని కోసమే చూస్తున్నాను. ఆపాను. విల్లమ్మ బాణం వాడికి, మాస్టారి చిన్న నిప్పురవ్వ వాడికి. ఇంకోసారి ఇద్దరూ వాడికే. డాలయ్యని పొడుస్తున్నవాడిని చూసి చెయ్యి అటు పోబోయింది. ఆపుకున్నాను. మూడో దెబ్బకి కర్రవాడు పడ్డాడు.

"ముందు వాడినా కొట్టేది?" అన్నాడు మరిది. ఈసారి నవ్వలేదు.

వెనక గుంపుగా ఉన్న ఇద్దరు కత్తులవాళ్ళ మీద, డాలయ్యకి నాలుగడుగుల అవతల, మాస్టారి చేత పెద్ద నిప్పు కురిపించాను. వాళ్ళతో పాటు ఒక విలుకాడు కూడా మాడాడు. డాలయ్యకి వేడి కూడా తగల్లేదు. తరవాత మనవాళ్ళు ముగ్గురూ కలిసి గుమ్మంలో ఉన్నవాడిని పట్టుకున్నారు.

"ఇవాళ టీ లేదా?" అన్నాడు మరిది, ఎవరినీ అడగనట్టుగా.

అలవాటు మీద నా కాళ్ళు కదిలాయి. కదిలిన సంగతి నాకు తెలిసింది. వాటిని కుర్చీ కిందికి లాక్కున్నాను.

"టీపొడి ఎక్కడుందో మీ ఇద్దరికీ తెలుసు," అన్నాను తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

కాసేపటికి గుమ్మంలోంచి ఆయన అడుగులు వంటింటి వైపు వెళ్ళడం వినపడింది.

అప్పుడు జరిగింది నేను ఎన్నడూ చూడనిది. మిగిలిన విలుకాడు గుమ్మానికి రాలేదు. గోడ చుట్టూ తిరిగి, వెనక ఉన్న విరిగిన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ గదికి కిటికీ ఉందని నాకు తెలుసు, అది కూడా దారే అని తెలియదు. మొదటి బాణం మందులమ్మకి తగిలింది. రెండోది కూడా. ఆమె గీత గోరంత మిగిలింది. అదే సమయానికి గుమ్మంలో డాలయ్య గీత కూడా వేలెడంత అయింది, ఎదుటివాడు ఇంకా పడలేదు.

ఆపాను.

మందులమ్మ చేతిలో ఒక్క పనికే సమయం ఉంది. డాలయ్యకి మందు వేస్తే, ఆమెకి ఇంకో బాణం తగులుతుంది. తనకి వేసుకుంటే, డాలయ్యకి ఇంకో కత్తిదెబ్బ. ఒక్క దెబ్బని అతను తట్టుకుంటాడో లేదో చెప్పలేను. ఒక్క బాణాన్ని ఆమె తట్టుకోలేదని మాత్రం కచ్చితంగా తెలుసు.

"డాలయ్యకి వెయ్యండి వదినా," అన్నాడు మరిది. నిజంగా సలహాగానే అన్నాడు, ముందుకి వంగి, పందెం మర్చిపోయి. "అతను పడితే గుమ్మం పోతుంది. మందులమ్మదేముంది, ఎలాగూ ఒకరు పోతారు."

"ఎలాగూ పోవాల్సిన పనేం లేదు," అన్నాను.

సంచి తెరిచాను. అందులో పద్నాలుగు సీసాలు, నిండుగా. మందులమ్మ మీద నొక్కి, సీసా మీద నొక్కాను. తాగు అన్నాను, పైకే అన్నాను. విల్లమ్మ బాణం కిటికీ వైపు తిప్పాను, మాస్టారి రవ్వ కూడా అటే. స్పేస్ నొక్కాను.

మందులమ్మ తాగింది. బాణం వచ్చి తగిలింది, ఆమె నిలబడే ఉంది. గుమ్మంలో కత్తి డాలయ్య మీద పడింది, అతని గీత దారపు పోగంత మిగిలింది. మిగిలింది, అది చాలు. మళ్ళీ ఆపాను. ఈసారి మందులమ్మ అతనికి. విలుకాడికి ఇంకో బాణం, ఇంకో రవ్వ. వాడు కిటికీ కింద కూలాడు. తరవాత నలుగురూ కలిసి ఆఖరి కత్తివాడి మీదికి తిరిగారు. అది పోరు కాదు, గిన్నెలు కడగడం.

నలుగురినీ వంతెన మీద నడిపించాను. ఒక్కొక్కరూ అవతలి ఒడ్డున దిగేదాకా చెయ్యి మౌసు మీది నుంచి తీయలేదు. డాలయ్య, విల్లమ్మ, మాస్టారు. చివర మందులమ్మ.

అమ్మాయి నా కాగితం తీసుకుని, పైన తేదీ వేసింది.

మరిది తెర వైపు వంగాడు. "ఎనిమిదేళ్ళలో ఆ సుంకం గదిలోకి నేను ఒక్కసారి వెళ్ళలేదు," అన్నాడు. తరవాత చేతులు దులుపుకున్నాడు. "సరే వదినా. మాటంటే మాటే. గది మీది."

నేను కుర్చీ అతని వైపు తిప్పాను.

"గది నువ్విచ్చేది కాదు. ఇది ముందు నుంచీ నాదే. నాదాన్ని నేనే పందెం కాయడం నా తప్పు, ఇంకోసారి చేయను. ఇవాళ నేను ఓడిపోయినా నీ పెట్టెలు ఈ గుమ్మం దాటేవి కావు."

"మరి మీరిచ్చిన మాటో?"

"తప్పేదాన్ని."

అతను అన్నగారి కోసం గుమ్మం వైపు చూశాడు. ఆయన అక్కడే ఉన్నారు, ట్రే పట్టుకుని. ట్రేలో నాలుగు గ్లాసులు.

"ఆ మాట నువ్వు ముందే అనవచ్చు కదా, గది కావాలని," అన్నారు ఆయన, నెమ్మదిగా.

"మంగళవారం అన్నాను. ఖాళీగా లేదు, నేనున్నాను అన్నాను."

"నాతో కాదుగా."

"మీరు నన్నడిగి ఇవ్వలేదుగా."

మూడడుగుల వసారాలో పన్నెండు పెట్టెలు తప్పించుకుంటూ ట్రే తెచ్చిన మనిషి, పక్కకి తిరిగి ఆ పెట్టెలని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఇవి రేపు పొద్దున్నే తీసేయరా. దారికడ్డం," అన్నారు తమ్ముడితో.

"రేపెందుకు, ఇవాళే," అన్నాను. "హమాలీలు లేకపోతే మీరిద్దరున్నారు. నెత్తిన పెట్టుకుంటానని మాట కూడా ఇచ్చాడు."

అమ్మాయి ముఖం అలమరలోకి తిప్పుకుంది. దాని భుజాలు ఊగుతున్నాయి.

ఆయన ట్రే నా ముందుకి చాపారు. నేను గ్లాసు అందుకోలేదు.

"పై అరలో నీలం అంచు కప్పులున్నాయి. ఒకటి తీసుకురండి."

"అవి ఎవరైనా వస్తే కదా?"

"వచ్చాను," అన్నాను.

సోమవారం రెండింటికి వసారా ఖాళీగా ఉంది. గోడకి అట్టపెట్టెలు రాసుకున్న గోధుమరంగు గీతలు నాలుగు మిగిలాయి, తడిగుడ్డతో తుడిచాను. తలుపు వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద నీలం అంచు కప్పు, పక్కన కొత్త కాగితం.

వంతెన అవతల అడవి. అడవి మధ్య మైదానంలో ఏడుగురు. గుమ్మం లేదు, గోడ లేదు, ఎటు చూసినా ఖాళీ. స్పేస్ నొక్కి ఆపాను. టీ ఒక గుక్క తాగి, మొదట మందులమ్మ అని రాసుకున్నాను.